ఎలక్ట్రాన్ స్పిన్ అనునాదంతో అణువుల్లో నానోమీటరు దూరాల కొలత

ఒకే అణువులో రెండు చోట్ల ఉన్న జతకాని ఎలక్ట్రాన్లు ఒకదానిపై ఒకటి చూపే అయస్కాంత ప్రభావాన్ని కొలిచి, వాటి మధ్య దూరాన్ని లెక్కగట్టే పద్ధతులను కలిపి ద్విధ్రువ ఎలక్ట్రాన్ స్పిన్ అనునాద పద్ధతులు అంటారు. ఇవి సాధారణంగా 1.5 నుంచి 8 నానోమీటర్ల దూరాలను కొలుస్తాయి. ప్రోటీన్‌లోని హైడ్రోజన్ల స్థానంలో డ్యుటీరియం నింపినప్పుడు ఈ పరిధి 16 నానోమీటర్ల దాకా పెరుగుతుంది. ప్రోటీన్ల పరిమాణాలు, ఆర్‌ఎన్‌ఏ మడతలు, కణత్వచంలోని రవాణా మార్గాలు అన్నీ ఈ పరిధిలోకే వస్తాయి. వీటిలో ఎక్కువగా వాడుకలో ఉన్నది పల్సు ఎలక్ట్రాన్ ద్వంద్వ అనునాదం. శాస్త్రవేత్తలు దీన్ని పెల్డార్ అనీ, డీర్ అనీ పిలుస్తారు.

ఈ కొలత ఒక్క సంఖ్యతో ముగియదు. నమూనాలోని కోట్లాది అణువుల్లో ఎన్నిటిలో ఎంత దూరం ఉందో చెప్పే విభాజనాన్ని ఇస్తుంది. ఒకే ప్రోటీన్ రెండు మూడు ఆకృతుల మధ్య మారుతూ ఉంటే, ఆ ఆకృతులన్నీ తమ తమ పాళ్లతో ఈ విభాజనంలో కనిపిస్తాయి. నిర్మాణ జీవశాస్త్రంలో ఈ పద్ధతికి ఉన్న స్థానానికి ప్రధాన కారణం ఇదే.

భౌతిక ఆధారం

ఎలక్ట్రాన్‌కు ఆవేశంతోపాటు స్పిన్ అనే సహజ కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది. దానివల్ల అది ఒక అతి చిన్న అయస్కాంతంగా పనిచేస్తుంది. చాలా అణువుల్లో ఎలక్ట్రాన్లు జంటలుగా ఉండి, ఒకదాని అయస్కాంతత్వాన్ని మరొకటి రద్దు చేస్తాయి. జంట లేని ఎలక్ట్రాన్‌ను అయస్కాంత క్షేత్రంలో ఉంచితే దాని స్పిన్‌కు రెండు శక్తి స్థాయిలు ఏర్పడతాయి. ఆ స్థాయిల తేడాకు సరిపోయే పౌనఃపున్యంతో మైక్రోవేవ్ తరంగం తగిలినప్పుడు స్పిన్ ఒక స్థాయి నుంచి రెండో స్థాయికి మారుతుంది. ఇదే ఎలక్ట్రాన్ స్పిన్ అనునాదం. దీన్ని ఈఎస్ఆర్ అనీ, ఈపీఆర్ అనీ వ్యవహరిస్తారు. సుమారు 0.34 టెస్లా క్షేత్రంలో ఈ పౌనఃపున్యం 9.5 గిగాహెర్ట్జ్ ఉంటుంది. 1.2 టెస్లా దగ్గర 34, 3.4 టెస్లా దగ్గర 95 గిగాహెర్ట్జ్ అవుతుంది. ఈ మూడింటినీ వరుసగా ఎక్స్, క్యూ, డబ్ల్యూ బ్యాండ్లు అంటారు.

రెండు జతకాని ఎలక్ట్రాన్లు దగ్గరగా ఉన్నప్పుడు ఒకదాని అయస్కాంత క్షేత్రం రెండోదాని అనునాద పౌనఃపున్యాన్ని కొద్దిగా జరుపుతుంది. ఈ ద్విధ్రువ ప్రభావం దూరపు ఘనానికి విలోమానుపాతంలో ఉంటుంది. స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల విషయంలో 52.04ను నానోమీటర్లలోని దూరపు ఘనంతో భాగిస్తే ద్విధ్రువ పౌనఃపున్యం మెగాహెర్ట్జ్‌లలో వస్తుంది. 2 నానోమీటర్ల దగ్గర ఇది 6.5 మెగాహెర్ట్జ్. 4 నానోమీటర్లకు 0.81, 8 నానోమీటర్లకు 0.10 మాత్రమే. దూరం రెండింతలైతే పౌనఃపున్యం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందువల్ల చిన్న మార్పు కూడా స్పష్టంగా తెలుస్తుంది. దూరం 3 నుంచి 3.5 నానోమీటర్లకు పెరిగితే ఒక్కో డోలనానికి పట్టే కాలం 0.52 మైక్రోసెకన్ల నుంచి 0.82 మైక్రోసెకన్లకు పెరుగుతుంది.

ఈ పరిధికి ఎలక్ట్రాన్లే ఎందుకు తగినవో వాటి అయస్కాంత భ్రామకాన్ని చూస్తే తెలుస్తుంది. అది ప్రోటాన్ భ్రామకానికి సుమారు 658 రెట్లు. కాబట్టి ఒకే దూరంలో ఉన్న రెండు ఎలక్ట్రాన్ల మధ్య ప్రభావం రెండు ప్రోటాన్ల మధ్య ప్రభావం కంటే నాలుగు లక్షల రెట్లకు పైగా బలమైనది. కేంద్రక అయస్కాంత అనునాదంలో ప్రోటాన్ల మధ్య నేరుగా కొలవగలిగే దూరం అర నానోమీటరు దగ్గర ఆగిపోతే, ఎలక్ట్రాన్లతో దానికి పదింతలు, అంతకు మించి దూరం వెళ్లవచ్చు.

ద్విధ్రువ ప్రభావం దూరంతోపాటు దిశ మీద కూడా ఆధారపడుతుంది. రెండు స్పిన్లను కలిపే గీత బయటి క్షేత్రానికి లంబంగా ఉంటే పైన చెప్పిన పౌనఃపున్యమే కనిపిస్తుంది. సమాంతరంగా ఉంటే దానికి రెట్టింపు కనిపిస్తుంది. 54.7 డిగ్రీల కోణం దగ్గర ప్రభావం సున్నా అవుతుంది. గడ్డకట్టిన ద్రావణంలో అణువులు అన్ని దిశలకూ తిరిగి ఉంటాయి కనుక ఈ పౌనఃపున్యాలన్నీ కలిసి ఒక విశిష్టమైన వర్ణపట ఆకారాన్ని ఇస్తాయి. జిప్సం స్ఫటికంలోని నీటి అణువుల ప్రోటాన్లపై జార్జ్ పేక్ 1948లో ప్రచురించిన పరిశోధన కారణంగా దీన్ని పేక్ ఆకారం అంటారు. లంబ దిశలో ఉన్న జంటలే సంఖ్యలో ఎక్కువ కావడంతో ఆ పౌనఃపున్యం దగ్గరే శిఖరాలు ఏర్పడతాయి. దూరాన్ని లెక్కించడానికి అవే ఆనవాళ్లు.

చరిత్ర

ఎలక్ట్రాన్ స్పిన్ అనునాదాన్ని 1944లో సోవియట్ రష్యాలోని కజాన్ నగరంలో యెవ్గెనీ జవోయ్‌స్కీ కనుగొన్నాడు. 1950లో అమెరికా శాస్త్రవేత్త ఎర్విన్ హాన్ కేంద్రక స్పిన్లలో స్పిన్ ప్రతిధ్వనిని గమనించాడు. తర్వాతి దశాబ్దంలో ఆ సూత్రం ఎలక్ట్రాన్ స్పిన్లకూ వర్తించింది. 1965లో స్టాన్‌ఫర్డ్‌లో హార్డెన్ మెకానెల్ బృందం స్థిరమైన నైట్రాక్సైడ్ అణువులను ప్రోటీన్లకు తగిలించి స్పిన్ గుర్తుల పద్ధతికి పునాది వేసింది. తొలినాళ్లలో రెండు గుర్తుల మధ్య దూరాన్ని వర్ణపట రేఖలు ఎంత వెడల్పయ్యాయో చూసి అంచనా కట్టేవారు. రెండు నానోమీటర్లు దాటితే ఆ వెడల్పు ఇతర కారణాల వల్ల వచ్చే వెడల్పులో కలిసిపోయేది.

ఈ అడ్డంకిని నోవొసిబిర్స్క్‌లోని రసాయన గతిశాస్త్ర, దహన సంస్థలో పనిచేసిన బృందం దాటింది. 1981లో అలెగ్జాండర్ మిలోవ్, కెవ్ సలిఖోవ్, మిఖాయిల్ షిరోవ్ రెండు వేర్వేరు మైక్రోవేవ్ పౌనఃపున్యాలతో మూడు పల్సుల ప్రయోగాన్ని ప్రచురించారు. ద్విధ్రువ ప్రభావాన్ని మిగతా ప్రభావాలన్నిటి నుంచి విడదీసి చూపడం దీనితో సాధ్యమైంది. యూరీ త్వెత్కోవ్‌తో కలిసి మిలోవ్ 1984లో ఒక్కో సమూహంలో ఎన్ని స్పిన్లు ఉన్నాయో లెక్కించే మార్గాన్ని కూడా చూపాడు.

మూడు పల్సుల ప్రయోగానికి ఒక లోపం ఉండేది. పల్సులు ఒకదానిపై ఒకటి పడే తొలి క్షణాల్లో సంకేతాన్ని నమ్మలేం. విశాలమైన విభాజనాలకు, చిన్న దూరాలకు సంబంధించిన సమాచారం అంతా ఆ తొలి క్షణాల్లోనే ఉంటుంది. జర్మనీలోని మైన్జ్‌లో మాక్స్ ప్లాంక్ పాలిమర్ పరిశోధన సంస్థకు చెందిన హాన్స్ వోల్ఫ్‌గాంగ్ స్పీస్, గున్నార్ యెష్కే బృందం 2000లో నాలుగు పల్సుల ప్రయోగాన్ని ప్రచురించి ఈ లోపాన్ని తొలగించింది. దానికి తగిన దృఢమైన నమూనా అణువులను అడెల్‌హైడ్ గొడ్ట్ తయారుచేసింది. అప్పటికే లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వేన్ హబెల్ బృందం ప్రోటీన్‌లో కోరిన చోట స్పిన్ గుర్తును అమర్చే పద్ధతిని స్థిరపరిచింది. ఈ రెండూ కలిసిన తర్వాతే ద్విధ్రువ కొలత జీవశాస్త్రంలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

స్పిన్ గుర్తులు

చాలా ప్రోటీన్లలో జతకాని ఎలక్ట్రాన్లు ఉండవు. వాటిని బయటి నుంచి తెచ్చి చేర్చాలి. హబెల్ పద్ధతిలో ప్రోటీన్ జన్యువును మార్చి, ఎంచుకున్న రెండు స్థానాల్లో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం వచ్చేలా చేస్తారు. సహజంగా ఉన్న ఇతర సిస్టీన్లు అడ్డొస్తే వాటిని సెరీన్ లేదా అలనీన్‌గా మారుస్తారు. తర్వాత సిస్టీన్‌లోని గంధకంతో చర్య జరిపే నైట్రాక్సైడ్ కారకాన్ని కలుపుతారు. అది డైసల్ఫైడ్ బంధంతో ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. నైట్రాక్సైడ్‌లో జతకాని ఎలక్ట్రాన్ నైట్రోజన్, ఆక్సిజన్ల మధ్య పంచుకుని ఉంటుంది. చుట్టూ ఉన్న నాలుగు మీథైల్ సమూహాలు దాన్ని చర్యల నుంచి కాపాడతాయి.

గుర్తు ప్రోటీన్ వెన్నెముకకు నేరుగా అంటుకుని ఉండదు. మధ్యలో అనేక బంధాలున్న వంగే గొలుసు ఉంటుంది. వెన్నెముక నుంచి జతకాని ఎలక్ట్రాన్ వరకు అర నానోమీటరుకు మించిన దూరం ఉంటుంది. అందువల్ల కొలిచిన దూరం గుర్తుల మధ్య దూరమే గాని వెన్నెముకల మధ్య దూరం కాదు. గొలుసు తీసుకోగల భంగిమలన్నిటినీ కంప్యూటర్లో లెక్కగట్టి, నిర్మాణ నమూనాతో పోల్చి చూస్తారు.

నైట్రాక్సైడ్‌తోపాటు ఇతర గుర్తులూ ఉన్నాయి. గడోలినియం అయాన్‌ను పట్టుకునే సమ్మేళనాలు అధిక క్షేత్రాల్లో మంచి సంకేతం ఇస్తాయి. కణం లోపలి క్షయకరణ వాతావరణాన్ని తట్టుకుంటాయి కూడా. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో డానియెల్లా గోల్డ్‌ఫార్బ్ బృందం వీటిని విస్తృతంగా అభివృద్ధి చేసింది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో సునీల్ సక్సేనా బృందం రెండు హిస్టిడీన్ల మధ్య రాగి అయాన్‌ను బంధించే పద్ధతిని ప్రవేశపెట్టింది. రెండు వైపులా పట్టు ఉండడంతో ఈ గుర్తు పెద్దగా కదలదు, విభాజనం సన్నగా వస్తుంది. ట్రైటిల్ రాడికల్స్ (రాడికల్ అంటే జతకాని ఎలక్ట్రాన్ ఉన్న అణువు) సన్నని వర్ణపట రేఖ, దీర్ఘమైన స్పిన్ జీవితకాలం ఉన్నవి. కొన్ని ఎంజైములకు గుర్తులతో పని లేదు. వాటిలోని టైరోసీన్ రాడికల్స్, ఇనుము-గంధక గుచ్ఛాలు, రాగి, మాంగనీస్ అయాన్లే కొలతకు ఆధారమవుతాయి.

నమూనా తయారీ

ద్రవ స్థితిలో చిన్న అణువులు వేగంగా దొర్లుతూ ఉంటాయి. ఆ కదలికలో ద్విధ్రువ ప్రభావం సగటున సున్నా అవుతుంది. స్పిన్లు కలిసి తిరిగే లయ, అంటే వాటి స్మృతి, కూడా త్వరగా చెరిగిపోతుంది. అందుకే నమూనాను గడ్డకట్టిస్తారు. నైట్రాక్సైడ్‌కు సాధారణంగా 50 కెల్విన్, గడోలినియంకు 10 కెల్విన్ ఉష్ణోగ్రత ఎంచుకుంటారు. రెంటికీ ద్రవ హీలియం స్థాయి శీతలీకరణ కావాలి.

గడ్డకట్టే తీరు ముఖ్యం. నీరు మంచు స్ఫటికాలుగా మారితే ప్రోటీన్ అణువులు స్ఫటికాల మధ్య ఇరుక్కుని గుంపుకడతాయి. అప్పుడు ఒక అణువులోని దూరానికి, పొరుగు అణువుతో ఉన్న దూరానికి తేడా తెలియదు. దీన్ని ఆపడానికి ద్రావణంలో గ్లిజరాల్ లేదా చక్కెర కలిపి, స్ఫటికం కట్టకుండా గాజులాంటి ఘనస్థితికి వచ్చేలా త్వరగా చల్లబరుస్తారు. ప్రోటీన్ గాఢతను పదుల మైక్రోమోలార్ల స్థాయిలో ఉంచుతారు. 50 మైక్రోమోలార్ ద్రావణంలో అణువుల మధ్య సగటు దూరం 30 నానోమీటర్లకు పైమాటే కనుక, అణువు లోపలి దూరాలు దానితో కలవకుండా విడిగా కనిపిస్తాయి. క్యూ బ్యాండులో ఒక కొలతకు కావలసిన ద్రావణం కొన్ని పదుల మైక్రోలీటర్లే. సన్నని క్వార్ట్జ్ గొట్టం అడుగున అది చిన్న స్తంభంలా నిలుస్తుంది.

చుట్టుపక్కల హైడ్రోజన్ కేంద్రకాలు నిరంతరం దిశలు మార్చుకుంటూ ఎలక్ట్రాన్ స్పిన్ లయను చెడగొడతాయి. వాటి స్థానంలో బలహీన అయస్కాంతత్వం ఉన్న డ్యుటీరియంను పెడితే లయ ఎక్కువసేపు నిలుస్తుంది. అందువల్ల భారజలాన్ని, డ్యుటీరియం నింపిన గ్లిజరాల్‌ను వాడడం పరిపాటి. ప్రోటీన్‌ను కూడా డ్యుటీరియం ఆహారంపై పెరిగిన బాక్టీరియాలో తయారుచేస్తే కొలత పరిధి మరింత పెరుగుతుంది.

నాలుగు పల్సుల ప్రయోగం

నైట్రాక్సైడ్ వర్ణపటం ఎక్స్ బ్యాండులో సుమారు 200 మెగాహెర్ట్జ్ వెడల్పున పరుచుకుని ఉంటుంది. ఒక్కో పల్సు అందులో కొంత భాగాన్ని మాత్రమే తాకుతుంది. అందువల్ల ఒకే రకం గుర్తులే అయినా, వేర్వేరు పౌనఃపున్యాలతో రెండు గుంపుల స్పిన్లను విడివిడిగా ప్రభావితం చేయవచ్చు. ఒక గుంపును పరిశీలక స్పిన్లు అనీ, రెండో గుంపును ప్రేరిత స్పిన్లు అనీ అందాం. ఎక్స్ బ్యాండులో ఈ రెండు పౌనఃపున్యాల మధ్య తేడా తరచు 65 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉంటుంది.

పరిశీలక పౌనఃపున్యంలో మూడు పల్సులు పంపుతారు. మొదటిది స్పిన్లను 90 డిగ్రీలు తిప్పుతుంది. తర్వాత ఒక్కో స్పిన్ తన స్థానిక క్షేత్రాన్ని బట్టి వేర్వేరు వేగాలతో తిరుగుతూ లయ తప్పుతుంది. రెండో పల్సు వాటిని 180 డిగ్రీలు తిప్పడంతో, తప్పిన లయ కొంత సేపటికి తిరిగి కుదిరి ప్రతిధ్వని పుడుతుంది. మరికొంత వ్యవధి తర్వాత వచ్చే మూడో పల్సు ఆ లయను మళ్లీ కూడగట్టి రెండో ప్రతిధ్వనిని తెస్తుంది. కొలిచేది దీని పరిమాణాన్నే. మారని స్థానిక క్షేత్రాల ప్రభావం అంతా ఈ ప్రతిధ్వనిలో రద్దవుతుంది.

నాలుగోది ప్రేరక పల్సు. ఇది రెండో పౌనఃపున్యంలో, పరిశీలక పల్సుల్లో రెండో, మూడో పల్సుల నడుమ వస్తుంది. ఇది ప్రేరిత స్పిన్లను తలకిందులు చేస్తుంది. అంతవరకూ ప్రేరిత స్పిన్ తన జంటపై చూపిన క్షేత్రం దిశ మారిపోతుంది. కనుక పరిశీలక స్పిన్ తిరిగే వేగం ద్విధ్రువ పౌనఃపున్యం మేరకు మారి, ప్రతిధ్వని వేళకు దాని లయ పూర్తిగా కుదరదు. ఎంత తప్పిందన్నది ప్రేరక పల్సు వచ్చిన సమయంపై ఆధారపడుతుంది. ఆ పల్సును కొన్ని నానోసెకన్ల చొప్పున జరుపుతూ ప్రతిసారీ ప్రతిధ్వని పరిమాణాన్ని నమోదు చేస్తారు. కాలం వెంట అది హెచ్చుతూ తగ్గుతూ డోలనం చేస్తుంది. ఆ డోలనపు పౌనఃపున్యమే ద్విధ్రువ పౌనఃపున్యం. దాన్నుంచి దూరం తెలుస్తుంది. ప్రేరక పల్సు సున్నా సమయం మిగతా పల్సులకు దూరంగా పడుతుంది కనుక తొలి క్షణాల సంకేతం కూడా చెక్కుచెదరకుండా దొరుకుతుంది. ఒక్క నమూనాకు గంటల తరబడి, బలహీన నమూనాలకు ఒక రోజు దాకా సంకేతాన్ని పోగుచేయవలసి వస్తుంది.

సంకేతం నుంచి దూరాల విభాజనానికి

నమోదైన సంకేతంలో రెండు అంశాలు కలిసి ఉంటాయి. ఒకటి అణువు లోపలి జంట ఇచ్చే డోలనం. రెండోది పొరుగు అణువుల్లోని స్పిన్ల వల్ల వచ్చే నునుపైన క్షయం. ద్రావణంలో సమంగా వ్యాపించిన అణువులకు ఈ క్షయం ఘాతీయ రూపంలో ఉంటుంది. పొరల్లో అమరిన ప్రోటీన్లకు దాని రూపం కొంత మారుతుంది. ఈ నేపథ్యాన్ని సరిగ్గా వేరు చేయకపోతే దీర్ఘ దూరాల దగ్గర లేని శిఖరాలు కనిపిస్తాయి.

మిగిలిన డోలనం స్వచ్ఛంగా, ఎక్కువ చుట్లు నిలిచి కనిపిస్తే అణువులన్నిటిలో దూరం దాదాపు ఒకటే అని అర్థం. త్వరగా చదునైపోతే దూరాలు విస్తరించి ఉన్నాయని అర్థం. శ్రుతి కొద్దికొద్దిగా తేడాగా ఉన్న అనేక తంబూరాలను ఒకేసారి మీటితే వాటి నాదాలు త్వరగా ఒకదానితో ఒకటి పొసగకుండా పోయినట్లే, కొద్ది తేడాలున్న అనేక పౌనఃపున్యాల మొత్తం తొందరగా అణిగిపోతుంది.

ఈ మొత్తం నుంచి వెనక్కు నడిచి విభాజనాన్ని రాబట్టడం గణితపరంగా అస్థిరమైన సమస్య. సంకేతంలోని చిన్న రొద కూడా జవాబులో పెద్ద తేడాలు తెస్తుంది. చాలాకాలంగా వాడుతున్న మార్గం టిఖొనోవ్ క్రమబద్ధీకరణ. కొలతతో సరిపోలడానికి, విభాజనం నునుపుగా ఉండడానికి మధ్య అది సమతూకం వెతుకుతుంది. యెష్కే బృందం 2006లో ప్రకటించిన డీర్‌అనాలిసిస్ సాఫ్ట్‌వేర్ ఈ విశ్లేషణను ప్రయోగశాలలకు అందుబాటులోకి తెచ్చింది. 2018 నుంచి కృత్రిమ నాడీ జాలాలు, 2020 నుంచి డీర్‌ల్యాబ్ వంటి పద్ధతులు అనిశ్చితి అవధులతో సహా విభాజనాన్ని ఇస్తున్నాయి.

సంకేతాన్ని ఎంతసేపు నమోదు చేశామన్నదే ఏ దూరాన్ని ఎంత నమ్మవచ్చో నిర్ణయిస్తుంది. 2 మైక్రోసెకన్ల సంకేతం ఉంటే విభాజనపు ఆకారాన్ని సుమారు 3 నానోమీటర్ల దాకా, సగటును, వెడల్పును 4 దాకా, సగటును మాత్రం 5 దాకా నమ్మవచ్చన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న అంచనా. ఈ హద్దులన్నిటినీ రెట్టింపు చేయాలంటే ఎనిమిది రెట్ల కాలం, అంటే 16 మైక్రోసెకన్ల సంకేతం కావాలి. డ్యుటీరియం కోసం అంత శ్రమ పడడానికి కారణం ఇదే.

డోలనపు లోతు మరో సమాచారం ఇస్తుంది. ప్రేరక పల్సు తిప్పగలిగిన స్పిన్ల పాలు ముందే తెలిస్తే, లోతును బట్టి ఒక్కో సమూహంలో ఎన్ని గుర్తులున్నాయో తెలుస్తుంది. ప్రోటీన్లు రెండేసి, మూడేసి, నాలుగేసి కలిసి పనిచేసే చోట ఈ లెక్క ఉపయోగపడుతుంది.

ఇతర పల్సు పద్ధతులు

కార్నెల్ విశ్వవిద్యాలయంలో జాక్ ఫ్రీడ్, పీటర్ బోర్బాట్ అభివృద్ధి చేసిన ద్వంద్వ క్వాంటం సంసక్తత పద్ధతిలో ఒకే పౌనఃపున్యంతో, చాలా బలమైన పల్సులతో వర్ణపటం మొత్తాన్నీ ప్రేరేపిస్తారు. జంటగా ఉన్న స్పిన్ల సంకేతం మాత్రమే ఇందులో మిగులుతుంది. సన్నని రేఖలున్న ట్రైటిల్ గుర్తులకు ఇది బాగా సరిపోతుంది. రిడ్‌మి అనే మరో పద్ధతిలో ప్రేరక పల్సు అవసరం లేదు. రెండో స్పిన్ తనంతట తానే సడలి తలకిందులయ్యే దాకా ఆగుతారు. వర్ణపటం అతి విశాలంగా ఉండి, పల్సు అందులో కొద్ది భాగాన్నే తాకగలిగే లోహ అయాన్లకు ఇది అనుకూలం.

ప్రధాన అనువర్తనాలు

రొడాప్సిన్ ఈ రంగంలో బాగా అధ్యయనం చేసిన ఉదాహరణ. కంటి రెటీనాలోని దండ కణాల్లో వెలుగును పట్టుకునే ప్రోటీన్ ఇది. పొరను ఏడుసార్లు దాటే ఏడు సర్పిలాలు ఇందులో ఉంటాయి. అవిభక్త భారతదేశంలో పుట్టిన నోబెల్ గ్రహీత హరగోవింద్ ఖొరానా, హబెల్ బృందాలు కలిసి 1996లో దీనిపై ముఖ్యమైన ప్రయోగం చేశాయి. మూడో సర్పిలంలో 139వ స్థానంలో ఒక గుర్తును, ఆరో సర్పిలంలో 247 నుంచి 252 వరకు ఉన్న స్థానాల్లో ఒక్కొక్కచోట రెండో గుర్తును అమర్చి వర్ణపట రేఖల వెడల్పును గమనించాయి. వెలుగు పడగానే రెండు సర్పిలాలు ఎడం కావడం కనిపించింది. డైసల్ఫైడ్ బంధంతో వాటిని కదలకుండా కట్టేస్తే ప్రోటీన్ తన సందేశాన్ని ముందుకు పంపలేకపోయింది.

2008లో హబెల్ బృందం ఇదే ప్రశ్నను నాలుగు పల్సుల ప్రయోగంతో మళ్లీ చేపట్టింది. 16 జంటల దూరాలను చీకట్లోనూ, వెలుగు పడ్డాకా కొలిచింది. ఆరో సర్పిలపు లోపలి కొన సుమారు 0.5 నానోమీటర్లు బయటికి జరుగుతుందని, మిగతా సర్పిలాల కదలికలు చిన్నవని తేలింది. ఆ కదలిక వల్ల తెరుచుకున్న సందులోనే, సందేశాన్ని ముందుకు మోసే జి ప్రోటీన్ వచ్చి కూర్చుంటుంది. అదే ఏడాది స్ఫటిక పద్ధతితో వెలువడిన ఆప్సిన్ నిర్మాణం కూడా ఆరో సర్పిలం బయటికి జరిగినట్లు చూపింది. అనేక ఔషధాలకు లక్ష్యమైన జి ప్రోటీన్ గ్రాహకాల కుటుంబాన్ని అర్థం చేసుకోవడంలో ఇది కీలకమైంది.

డీఎన్‌ఏ తయారీకి కావలసిన ముడిసరుకును సిద్ధం చేసే రిబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ ఎంజైముకు బయటి గుర్తులు అవసరం రాలేదు. ఎశ్చరీషియా కోలైలో ఈ ఎంజైము చిన్న ఉపభాగం రెండు ప్రతులుగా జతకడుతుంది. ఒక్కోదానిలో ఒక టైరోసీన్ రాడికల్ ఉంటుంది. మరీనా బెన్నాటి, జోఆన్ స్టబ్ బృందం 2003లో వాటి మధ్య దూరం సుమారు 3.3 నానోమీటర్లని కొలిచింది. ఈ కొలతలను విస్తరించడంతో, చర్య మొదలుపెట్టే రాడికల్ ఎంజైములో మూడు నానోమీటర్లకు మించిన దూరాన్ని దశలవారీగా దాటుతుందన్న ప్రతిపాదనకు బలం చేకూరింది.

కణత్వచంలోని రవాణా ప్రోటీన్లు ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి తెరుచుకుంటూ పదార్థాలను దాటిస్తాయి. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో హసన్ మ్చౌరబ్ బృందం ఎంఎస్‌బిఏ, లియూటి వంటి బాక్టీరియా రవాణా ప్రోటీన్లలో అనేక జంటల దూరాలను కొలిచింది. సోడియం, లూసీన్, ఏటీపీ వంటివి కలిపినప్పుడు విభాజనంలోని ఒక శిఖరం తగ్గి మరొకటి పెరగడాన్ని చూపింది. అంటే ఈ ప్రోటీన్లు ఆకృతుల మధ్య ముందునుంచే మారుతూ ఉంటాయి. అయాన్లు, పోషకాలు ఆ ఆకృతుల పాళ్లను మారుస్తాయి.

పార్కిన్సన్ వ్యాధితో సంబంధమున్న ఆల్ఫా సైన్యూక్లీన్ 140 అమైనో ఆమ్లాల ప్రోటీన్. ద్రావణంలో దానికి స్థిరమైన ఆకృతి లేదు. డిటర్జెంట్ గుంపులపై అది మధ్యలో విరిగి రెండు సర్పిలాలుగా ఎదురెదురుగా ముడుచుకుంటుంది. కొవ్వు పొరల బుడగలపై ఒకే పొడవైన సర్పిలంగా సాగగలదు. 2008 ప్రాంతంలో వెలువడ్డ దూర కొలతలు ఈ రెండు రూపాలనూ విడదీసి చూపాయి.

కేంద్రకామ్లాల్లో ఓలావ్ షీమన్, థామస్ ప్రిస్నర్ బృందం 2004లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చేసిన పని ముఖ్యమైనది. డీఎన్‌ఏ ముక్కల్లో గుర్తులను వేర్వేరు ఎడాల్లో అమర్చి, కొలిచిన దూరాలు ద్వికుండలి జ్యామితితో సరిపోతున్నాయని వారు నిరూపించారు. దాంతో ఆర్‌ఎన్‌ఏ మడతలను, ప్రోటీన్ పట్టుకున్నప్పుడు డీఎన్‌ఏ వంపును కొలవడానికి దారి ఏర్పడింది. 2010, 2011ల్లో ఆఫ్రికా కప్ప అండకణాల్లోకి గుర్తు పెట్టిన ప్రోటీన్లను, కేంద్రకామ్లాలను చొప్పించి కణం లోపలే దూరాలను కొలిచారు. కణం లోపల నైట్రాక్సైడ్ త్వరగా నశిస్తుంది కనుక, ఆ తర్వాతి కృషిలో గడోలినియం, ట్రైటిల్, రక్షణ ఎక్కువున్న నైట్రాక్సైడ్ గుర్తులకు ప్రాధాన్యం పెరిగింది.

ఇతర పద్ధతులతో పోలిక

ఎక్స్‌రే స్ఫటిక శాస్త్రం, అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని అణువు మొత్తం నిర్మాణాన్ని ఇస్తాయి. ద్విధ్రువ కొలత ఒక్కో నమూనాకు ఒక్కో జంట దూరాన్నే చెబుతుంది. అయితే దానికి స్ఫటికం అక్కరలేదు. ప్రోటీన్ పరిమాణానికి హద్దు లేదు. పొరలో ఉన్నా, డిటర్జెంట్లో ఉన్నా, ఆకృతి స్థిరంగా లేకున్నా కొలత సాధ్యమే. ప్రతిదీప్తి శక్తి బదిలీ పద్ధతి దాదాపు ఇదే పరిధిలో పనిచేస్తుంది. అది గది ఉష్ణోగ్రతలో, ఒక్కో అణువును విడిగా, కదలికలో ఉండగానే చూడగలదు. కానీ దానికి సాధారణంగా రెండు వేర్వేరు రంగు అణువులు కావాలి. అవి నైట్రాక్సైడ్ కంటే చాలా పెద్దవి. వాటి దిశలను గురించిన ఊహలు లెక్కలో చేరతాయి. ద్విధ్రువ కొలతలో పౌనఃపున్యానికి, దూరానికి ఉన్న సంబంధం భౌతిక స్థిరాంకాల నుంచి నేరుగా వస్తుంది కనుక ప్రామాణీకరణ అవసరం లేదు.

పరిమితులు

1.5 నానోమీటర్ల కంటే తక్కువ దూరాల్లో ద్విధ్రువ పౌనఃపున్యం పల్సుల పట్టీ వెడల్పును దాటిపోతుంది. ఎలక్ట్రాన్ మేఘాలు ఒకదానిపై ఒకటి పడి పుట్టే వినిమయ ప్రభావం కూడా అడ్డొస్తుంది. పెద్ద దూరాల దగ్గర స్పిన్ స్మృతి చాలదు. గడ్డకట్టిన నమూనా చల్లబడే దారిలో ఆగిపోయిన ఆకృతులను చూపుతుంది గాని, శరీర ఉష్ణోగ్రతలోని పాళ్లను యథాతథంగా చూపదు. గ్లిజరాల్ కూడా కొన్ని ప్రోటీన్ల సమతాస్థితిని మార్చగలదు. ట్రెహలోస్ చక్కెర గాజులో పొదిగిన అణువులపై, ట్రైటిల్ గుర్తులతో గది ఉష్ణోగ్రతలో కొలతలు సాధ్యమైనా అవి ఇంకా పరిమితమే.

దృఢమైన గుర్తులు అధిక క్షేత్రంలో ఒకే దిశకు ఒదిగి ఉంటే కొన్ని కోణాలే ఎంపికై ఆకారం వక్రమవుతుంది. అప్పుడు అనేక క్షేత్ర స్థానాల్లో కొలిచి విశ్లేషించాలి. ఒకే అణువులో మూడు, అంతకు మించిన గుర్తులుంటే వాటి పౌనఃపున్యాల మొత్తాలు, తేడాలు కూడా కనిపించి లేని దూరాలను సూచిస్తాయి. ఇలాంటి పొరపాట్లు జరగకుండా నైట్రాక్సైడ్ గుర్తులున్న జీవాణువుల కొలతకు, నివేదనకు ఉమ్మడి మార్గదర్శకాలను అనేక ప్రయోగశాలలు కలిసి 2021లో ప్రచురించాయి. ఒకే నమూనాలను వేర్వేరు చోట్ల కొలిచి ఫలితాలు పొసుగుతున్నాయని అవి చూపాయి.

ఇటీవలి పరిణామాలు

గత దశాబ్దంలో కోరిన రూపంలో పల్సులను తీర్చిదిద్దే ఎలక్ట్రానిక్ జనకాలు వచ్చాయి. పల్సు నడుస్తున్నంతసేపూ పౌనఃపున్యాన్ని మారుస్తూ వర్ణపటంలో ఎక్కువ భాగాన్ని ఒకేసారి తిప్పగలగడంతో డోలనపు లోతు పెరిగింది, కొలత కాలం తగ్గింది. అధిక శక్తి గల క్యూ బ్యాండు యంత్రాలు ఎక్స్ బ్యాండు స్థానాన్ని చాలామేరకు ఆక్రమించాయి.

2021లో ప్రోటీన్ నిర్మాణాలను అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ 2 ప్రోగ్రామ్ విడుదలయ్యాక చాలా ప్రోటీన్లకు కంప్యూటర్ నిర్మాణాలు అందుబాటులోకి వచ్చాయి. అవి ప్రధానంగా ఒక్కో ప్రోటీన్‌కు ఒక ఆకృతిని సూచిస్తాయి. ఆ ప్రోటీన్ ఎన్ని ఆకృతుల్లో ఉంటుంది, ఒక్కోదాని పాలు ఎంత, మందు కలిపితే, పొర మారితే ఆ పాళ్లు ఎటు మొగ్గుతాయి అన్నవి ప్రయోగం తేల్చవలసిన ప్రశ్నలు. ఎంచుకున్న కొన్ని జంటల దూర విభాజనాలను లెక్కలో నిబంధనలుగా చేర్చి, ఒక్క నిర్మాణానికి బదులు ఆకృతుల సముదాయాన్ని నిర్మించే పద్ధతులు ఇప్పుడు రూపొందుతున్నాయి. ద్విధ్రువ ఎలక్ట్రాన్ స్పిన్ అనునాదానికి నిర్మాణ జీవశాస్త్రంలో ప్రస్తుతం పెరుగుతున్న పాత్ర ఇదే.